బోరు చేయించిన ఇంజిన్ మళ్లీ మొరాయిస్తే: లోపం బిగింపులోనా, పార్టులోనా?

బోరుకొచ్చిన (సిలిండర్లు అరిగిపోయిన) ఇంజిన్ దించి, క్రాంకు గ్రైండింగ్, బ్లాకు బోరింగ్, హెడ్డు పని అన్నీ చేయించి, కొత్త కిట్టు వేస్తారు. వారం తిరక్కుండానే తెల్లపొగ, నాకింగ్ (లోపల కొట్టుకునే శబ్దం), వేడెక్కితే పడిపోయే ఆయిల్ ప్రెజర్, లోడు లాగని బండి. అప్పుడు అందరి వేలూ మెకానిక్ వైపే చూపిస్తుంది. కానీ ఇలాంటి ఇంజిన్లు విప్పి కొలిస్తే చాలాసార్లు బిగింపు బాగానే ఉంటుంది. లోపల పడ్డ పార్టులే ఒకదానికొకటి చెందినవి కావు. పిస్టన్ ఒక ఇంజిన్‌ది, నాజిల్ ఇంకో ఇంజిన్‌ది, బేరింగ్ ఇంకో సైజుది. దేనికది కొత్తదే, మంచిదే. కలిపితేనే పనికిరాదు.

మన రోడ్ల మీద బాగా తిరిగిన కమిన్స్ 6బీటీ ఇంజిన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. ఆరు సిలిండర్లు, బోరు 102 మి.మీ., స్ట్రోకు 120 మి.మీ., మొత్తం 5.9 లీటర్లు, ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. 1993లో జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ పెట్టాక ఈ బీ సిరీస్ ఇంజిన్ లారీల్లోకి విరివిగా వచ్చింది. ఇదే ఇంజిన్ బస్సుల్లో, జనరేటర్లలో, కంప్రెసర్లలో కూడా ఉంది. చిక్కంతా అక్కడే. టర్బో లేనిది, టర్బో ఉన్నది, ఇంటర్‌కూలర్ కూడా ఉన్నది, మూడు రకాల బ్లాకులూ బయటి నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. లోపల పిస్టన్ తల మీది గుంత, పై రింగు గాడి, ఇంజెక్టర్, టర్బో, పంపు సెట్టింగ్ మాత్రం వేరు.

కౌంటర్ దగ్గరికెళ్లి "అన్నా, పది టైర్ల కమిన్స్‌కి ఫుల్ కిట్టు ఇవ్వు" అంటే ఏదో ఒక కిట్టు ఇస్తారు, అది బ్లాకులో దిగుతుంది కూడా. దిగినంత మాత్రాన అది ఆ ఇంజిన్‌ది అయిపోదు. గేర్ హౌసింగ్ మీద పంపు ఉన్న వైపు ఒక రేకు ప్లేటు ఉంటుంది. దాని మీద ఇంజిన్ సీరియల్ నంబర్, సీపీఎల్ (కంట్రోల్ పార్ట్స్ లిస్ట్) నంబర్ ఉంటాయి. ఏ పిస్టన్‌కి ఏ ఇంజెక్టర్, ఏ టర్బో, ఏ క్యామ్ అన్న జత మొత్తాన్నీ ఆ సీపీఎల్ అంకె చెబుతుంది. ఆర్‌సీలో ఉన్న బండి మోడల్ చూసి కాదు, ఈ రెండు అంకెలు చూసి పార్టులు కొనాలి. సెకండ్ హ్యాండ్ బ్లాకు వేసిన బండి అయితే మరీ జాగ్రత్త. ప్లేటు పాతది, బ్లాకు ఏ జనరేటర్‌దో అయ్యుండొచ్చు. అలాంటప్పుడు ప్లేటును కూడా నమ్మకుండా, ఇంజిన్‌లోంచి తీసిన పాత పార్టులనే ఆధారం చేసుకోవాలి.

అందుకే ఒక్క మాట గట్టిగా చెబుతాను. పాత పిస్టన్లు, పాత బేరింగులు, పాత హెడ్ గాస్కెట్, పాత వాల్వులు వెంటనే పాత ఇనుముకు వేయకండి. బండి కనీసం ఐదు వేల కిలోమీటర్లు తిరిగేదాకా ఒక గోనెసంచిలో కట్టి ఉంచండి. తర్వాత ఏదైనా తేడా వస్తే కొత్తదాని పక్కన పెట్టి చూడడానికి వాటిని మించిన కొలబద్ద లేదు.

కొత్త పిస్టన్ పాత పిస్టన్ పక్కన పెట్టి చూడాల్సినవి: పిన్ను రంధ్రం మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు, గుంత వెడల్పు, లోతు, అంచు ఆకారం, పై రింగు గాడి ఆకారం, కింద స్కర్టుకి (పిస్టన్ కింది గోడకి) కూలింగ్ జెట్ (పిస్టన్ అడుగుకు నూనె చిమ్మే నాజిల్) కోసం కోసిన ఖాళీ ఉందా లేదా. కనెక్టింగ్ రాడ్ రెండు రంధ్రాల మధ్య దూరం ఈ ఇంజిన్‌లో 192 మి.మీ., పిన్ను 40 మి.మీ. బీ సిరీస్ పిస్టన్లకు తల ఎత్తును బట్టి ఏ, బీ, సీ అని గ్రేడులు కూడా ఉంటాయి, తల మీదే అక్షరం కొట్టి ఉంటుంది. సెట్టులో నాలుగు ఒక డబ్బాలోంచి, రెండు ఇంకో డబ్బాలోంచి తీసిస్తే అక్షరాలు కలవవు. ఆ ఆరింటినీ ఒకసారి తలకిందులు చేసి, మళ్లీ తిప్పి, అక్షరాలు చదవడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇక బిగించేసిన ఇంజిన్ సంగతి. స్టార్టర్ కొట్టకముందే చేతితో తిప్పి చూడడం అన్నిటికన్నా చవకైన పరీక్ష. ఇంజెక్టర్లు తీసేసి, ఫ్లైవీల్ హౌసింగ్ దగ్గరున్న రంధ్రంలో బారింగ్ టూల్ (ఇంజిన్‌ను చేతితో తిప్పే పనిముట్టు) పెట్టి నిదానంగా తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా ఆపి, చాక్‌పీసుతో డాంపర్ (క్రాంకు ముందు కొసనుండే చక్రం) మీద గుర్తు పెట్టుకుని, ఎన్ని చుట్లకోసారి తగులుతోందో లెక్కపెట్టండి. ప్రతి చుట్టుకీ ఒకసారి అదే చోట తగిలితే అది క్రాంకు, రాడ్, పిస్టన్ సంగతి. పిస్టన్ తల హెడ్డుకు తగులుతోందేమో, స్కర్టు కూలింగ్ జెట్‌కి తగులుతోందేమో, రాడ్ బోల్టు బ్లాకుకు రాసుకుంటోందేమో చూడాలి. రెండు చుట్లకు ఒకసారి మాత్రమే తగిలితే అది క్యామ్ వైపు. వాల్వు పిస్టన్‌ను తాకుతోందన్నమాట. క్యామ్ క్రాంకుకి సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి ఈ ఒక్క లెక్కే సగం విప్పే పనిని తప్పిస్తుంది. ఎక్కడా తగలకుండా మొత్తం చుట్టంతా బిగుసుగా ఉంటే బేరింగ్ సైజు మీద అనుమానం పెట్టుకోండి.

బేరింగుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే క్రాంకు పాడయ్యేది ఇక్కడే. 6బీటీ క్రాంకులో మెయిన్ జర్నల్ (బ్లాకులో కూర్చుని తిరిగే భాగం) స్టాండర్డ్ 83 మి.మీ., బిగ్ ఎండ్ (రాడ్ పట్టుకునే భాగం) 69 మి.మీ. పది సైజుకు గ్రైండ్ చేస్తే 82.75, 68.75 అవుతాయి. ఇరవై సైజుకైతే 82.50, 68.50. డబ్బా మీద "010" అన్నా "0.25" అన్నా ఒకటే కొలత, మొదటిది అంగుళంలో వెయ్యో వంతుల్లో, రెండోది మిల్లీమీటర్లలో. "020" అంటే 0.50 మి.మీ., 0.20 కాదు. ఈ ఒక్క గందరగోళంతోనే తప్పు డబ్బా చేతికొస్తుంది.

డబ్బాను నమ్మవద్దు. బేరింగు పెంకు (బేరింగులో సగం ముక్క) తిప్పి వెనకవైపు చూడండి. ఉక్కు వీపు మీద సన్నటి అక్షరాల్లో సైజు, పార్ట్ నంబర్ కొట్టి ఉంటాయి. నూనె తుడిచి టార్చి పక్కనుంచి వాలుగా వేస్తే చదవడానికి వస్తాయి. మెయిన్స్‌కి పద్నాలుగు, రాడ్లకి పన్నెండు, మొత్తం ఇరవయ్యారు పెంకులూ చదవాలి. పది సైజు పెంకు స్టాండర్డ్ పెంకు కన్నా 0.125 మి.మీ. మందం ఎక్కువ ఉంటుంది, రెండు పెంకులు కలిస్తే 0.25. బంతి మొన ఉన్న మైక్రోమీటర్‌తో కొలిస్తే అక్షరాలు చెరిగిపోయినా సైజు తెలిసిపోతుంది. పది సైజు జర్నల్ మీద పొరపాటున స్టాండర్డ్ పెంకులు పడితే మామూలు సందుకు అదనంగా పావు మిల్లీమీటరు కలుస్తుంది. అంత సందులో నూనె పొర నిలవదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చిక్కటి నూనె కాపాడుతుంది, వేడెక్కగానే నాక్ మొదలవుతుంది.

పెంకు సైజు సరిపోయినా గ్రైండింగ్‌లో తేడా ఉండొచ్చు. జర్నల్ 68.75 కి బదులు 68.68 కి వచ్చిందనుకోండి, పెంకు మీద సైజు సరైనదే, సందు మాత్రం ఎక్కువే. అందుకే ఆరు రాడ్ జర్నళ్లూ, ఏడు మెయిన్లూ రెండు దిక్కుల్లో కొలిచి కాగితం మీద రాయాలి. ఇంకొకటి, జర్నల్ అంచు దగ్గరుండే వంపు. గ్రైండింగ్ రాయి ఆకారం తేడాగా ఉండి ఆ వంపు పెద్దదైతే పెంకు అంచు దాని మీద ఎక్కి కూర్చుంటుంది. విప్పినప్పుడు పెంకు ఒక అంచు మాత్రమే అద్దంలా మెరుస్తూ కనిపిస్తే కారణం ఇదే.

రాడ్ క్యాపుల మార్పు కూడా ఇక్కడే వస్తుంది. రాడ్‌కీ దాని క్యాపుకీ ఒకే నంబర్ ఉంటుంది, రెండూ ఒకే వైపు రావాలి. నంబర్ చెరిగితే పెంకులు లేకుండా క్యాపు బిగించి, అతుకు మీద గోరు పెట్టి అడ్డంగా లాగండి. గోరుకు మెట్టు తగిలితే ఆ క్యాపు ఆ రాడ్‌ది కాదు. తర్వాత బోర్ గేజ్‌తో మూడు కోణాల్లో రంధ్రం గుండ్రంగా ఉందో లేదో చూడాలి. విరిచి చేసిన రాడ్లున్న కొత్త తరం ఇంజిన్లలో అయితే క్యాపు మారితే ఆ రెండు రాడ్లూ పారేయాల్సిందే, ఆ విరుపు గరుకు ఇంకో రాడ్‌తో ఎన్నటికీ కలవదు.

ఆయిల్ ప్రెజర్‌ను డ్యాష్‌బోర్డు మీటర్‌తో తేల్చకండి. సెన్సర్ తీసి మెకానికల్ గేజ్ బిగించి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక చూడండి. ఈ ఇంజిన్‌కి ఐడిల్‌లో కనీసం 10 పీఎస్‌ఐ, పూర్తి స్పీడులో కనీసం 30 పీఎస్‌ఐ ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడికి పడిపోతే ముందు బేరింగ్ సందులే చూడాలి. చల్లగా ఉన్నప్పుడే తక్కువగా ఉంటే రిలీఫ్ వాల్వు స్ప్రింగ్, ఆయిల్ పంపు, బ్లాకు కడిగేటప్పుడు తీసి తిరిగి పెట్టని గ్యాలరీ (నూనె దారి) ప్లగ్గు లేదా కూలింగ్ నాజిల్ కూడా వెతకాలి.

సంపు దించకముందు ఫిల్టర్ కోసి చూడండి. రేకు డబ్బాను రంపంతో కాకుండా కట్టర్‌తో కోయాలి, రంపపు పొడి లోపల పడితే ఏది ఏదో తెలియదు. కాగితాన్ని విప్పి, పిండి, తెల్లటి గుడ్డ మీద పరచండి. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము, అంటే రింగులు, బోరు లేదా గేర్లు. అంటుకోకుండా మెరిసే బూడిదరంగు రేకులు బేరింగు పైపూత. రాగి రంగు కనబడితే పైపూత అరిగిపోయి కింది పొర దాకా వచ్చిందని అర్థం, ఇక ఒక్క ట్రిప్పు కూడా తిప్పకూడదు.

క్రాంకు ఎండ్ ప్లే (ముందుకీ వెనక్కీ కదిలే ఖాళీ) కూడా ఇదే దశలో చూడండి. 6బీటీలో థ్రస్ట్ బేరింగ్ ఆరో మెయిన్ దగ్గర ఉంటుంది. ముందుకీ వెనక్కీ తోస్తే డయల్ గేజ్‌లో 0.10 నుంచి 0.43 మి.మీ. మధ్య రావాలి. క్లచ్ తొక్కినప్పుడల్లా ఇంజిన్ శబ్దం మారుతోందంటే ఇది తప్పక కొలవాలి.

తర్వాత కంప్రెషన్. పొద్దున్నే ఎంతసేపు కొట్టినా స్టార్ట్ కాకపోవడం, స్టార్ట్ అయ్యాక కళ్లు మండే తెల్లపొగ, వేడెక్కాక కాస్త తగ్గడం. దీనికి పంపు రూముకి వెళ్లి పంపు సెట్టింగ్ మార్పించి, నాజిల్స్ మార్పించి డబ్బులు పోసేవాళ్లే ఎక్కువ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, బాగున్న పంపు కూడా దారితప్పుతుంది. అసలు తేడా పిస్టన్ ఎత్తులోనో, గాస్కెట్ మందంలోనో ఉంటుంది.

ఈ ఇంజిన్‌కి స్టాండర్డ్ గాస్కెట్‌తో పాటు 0.25, 0.50 మి.మీ. మందం ఎక్కువున్న గాస్కెట్లు కూడా దొరుకుతాయి. బ్లాకు పైముఖం మెషీన్ చేస్తే పిస్టన్ ఆ మేరకు పైకి వస్తుంది కాబట్టి, దాన్ని సరిచేయడానికి అవి. చాలామంది హెడ్డు కోయించారని మందం గాస్కెట్ వేస్తారు. అది పొరపాటు. 6బీటీ హెడ్డు అడుగు చదునుగా ఉంటుంది, మంట మండే గుంత పిస్టన్‌లో ఉంటుంది. హెడ్డు కోస్తే కంప్రెషన్ అంతగా పెరగదు. వాల్వు లోతు తగ్గుతుంది, ఇంజెక్టర్ మొన కిందికి ఎక్కువ దిగుతుంది, అంతే. దానికి మందు వాల్వు సీటు లోతు సరిచేయడం, ఇంజెక్టర్ వాషర్ మందం చూసుకోవడం.

లెక్క వేసి చూద్దాం. ఒక్కో సిలిండర్ 980 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 17.5 అయితే పిస్టన్ పైన మిగిలే ఖాళీ సుమారు 59.4 సీసీ. అవసరం లేకుండా 0.25 మి.మీ. ఎక్కువ మందం గాస్కెట్ వేస్తే ఇంకో 2 సీసీ ఖాళీ కలుస్తుంది, నిష్పత్తి 17 కి కాస్త కిందికి దిగుతుంది. 0.50 అయితే 16.4 దగ్గరికి వస్తుంది. పిస్టన్ కూడా పొట్టిదైతే రెండూ కలిసి చలికాలంలో స్టార్టింగ్‌ను చంపేస్తాయి.

కొలిచే పద్ధతి ఇది. హెడ్డు తీసి, డయల్ గేజ్‌ను బ్లాకు ముఖం మీద సున్నా చేసి, పిస్టన్ తల మీద పిన్ను వరుసలో రెండు కొసల్లోనూ చదవాలి. పిన్నుకు అడ్డంగా చదివితే పిస్టన్ ఊగి తప్పు అంకె వస్తుంది. ఆరు సిలిండర్ల అంకెలు వరుసగా రాస్తే కథంతా కాగితం మీదే కనిపిస్తుంది. ఆరూ సమానంగా తక్కువైతే పిస్టన్ సెట్టే తప్పు. రెండే తక్కువైతే డబ్బాలు కలిశాయి. ఒక్కటే తక్కువైతే ఆ రాడ్ వంగింది లేదా వేరే రాడ్. తర్వాత పిస్టన్ అంచు చదును మీద, పిన్ను వరుసలోనే, 2 మి.మీ. సోల్డర్ తీగ ముక్కలు గ్రీజుతో అంటించి, పాత గాస్కెట్‌తో హెడ్డు బిగించి, చేత్తో ఒకసారి టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటు) దాటించండి. నలిగిన తీగ మందమే పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య అసలు సందు.

కంప్రెషన్ గేజ్‌లో ఆరు సిలిండర్లూ సమానంగా తక్కువ చూపించి, పిస్టన్ ఎత్తులు సరిగ్గానే ఉంటే, క్యామ్ గేర్ ఒక పన్ను తప్పిందేమో చూడండి. ఒక్క సిలిండరే తక్కువైతే టీడీసీలో పెట్టి ఇంజెక్టర్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి చెవి పెట్టాలి. ఆయిల్ మూత దగ్గర గాలి వస్తే రింగులు, సైలెన్సర్‌లో వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ పైపులో వస్తే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్. గాలి ఎక్కించేముందు బారింగ్ టూల్ తీసేయండి, క్రాంకు ఒక్కసారిగా తిరిగితే చేయి విరుగుతుంది.

రింగుల్లో తప్పు పడితే అది ఆయిల్ తాగడంగా, బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) లోంచి పొగగా బయటపడుతుంది. 0.50 ఓవర్‌సైజు బోరులో స్టాండర్డ్ రింగు వేస్తే రింగు కొసల మధ్య సందు 1.57 మి.మీ. పెరుగుతుంది, ఎందుకంటే చుట్టుకొలత వ్యాసానికి 3.14 రెట్లు. పై రింగు సందు 0.40 నుంచి 0.70 ఉండాల్సినచోట 2 మి.మీ. దాటిపోతుంది. దీనికి విరుద్ధంగా పెద్ద రింగును చిన్న బోరులో కొసలు అరగదీసి ఇరికిస్తే, వేడికి కొసలు ఒకదాన్నొకటి నొక్కుకుని రింగు విరిగి బోరును గీస్తుంది. రింగును బోరులో పెట్టి, తలకిందులు చేసిన పిస్టన్‌తో సమంగా కిందికి నెట్టి, ఫీలర్ గేజ్‌తో చూడాలి. ఇంకో మోసం పై రింగు ఆకారంలో ఉంటుంది. టర్బో పిస్టన్ పై గాడి వాలుగా, రింగు పక్కనుంచి చూస్తే ముక్కోణపు చీలికలా ఉంటుంది. టర్బో లేని ఇంజిన్ రింగు నలుచదరం. నలుచదరం రింగు వాలు గాడిలో కూర్చోదు. కొత్త రింగులు బోరుకు కుదురుకోవడానికి కొంత సమయం తీసుకుంటాయి, మొదటి రోజు బ్రీదర్ పొగ చూసి కంగారు పడనక్కర్లేదు. మొదటి రోజు కన్నా పదో రోజు ఎక్కువైతే మాత్రం ఆపి విప్పాలి.

వాల్వుల్లో ఇన్‌టేక్ సీటు కోణం 30 డిగ్రీలు, ఎగ్జాస్ట్ 45. వాల్వు ఒకటి, సీటు కోత ఇంకొకటి అయితే ఎంత గ్రైండింగ్ పేస్టు రుద్దినా పరీక్షకు పోసిన కిరోసిన్ కారుతూనే ఉంటుంది. క్లియరెన్స్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.25, ఎగ్జాస్ట్ 0.51 మి.మీ. అది పెట్టాక పన్నెండు రాకర్ల స్క్రూలూ పక్కనుంచి ఒక వరుసలో చూడండి. ఒక స్క్రూ మాత్రం మిగతావాటికన్నా పైకి పొడుచుకుని ఉన్నా, బాగా లోపలికి దిగి ఉన్నా అక్కడ పుష్ రాడ్ పొడవు వేరు, లేదా ఆ వాల్వు లోతు తేడా. కంటిచూపుతోనే దొరికే తప్పు ఇది.

ఇంజెక్టర్ విషయానికొస్తే, ఈ ఇంజిన్లలో మొన 9 మి.మీ. ఉన్నవీ, 7 మి.మీ. ఉన్నవీ రెండు రకాలున్నాయి. హెడ్డు ఏ రంధ్రానిదో చూసుకోవాలి. ఆరు నాజిళ్ల మీదా చెక్కిన నంబర్ ఒకటే ఉండాలి. పాత రాగి వాషర్ హెడ్డులోనే అతుక్కుని ఉండగా పైన కొత్తది వేస్తే మొన పైకి పోయి, డీజిల్ గుంతలోకి కాకుండా గుంత అంచుకు, హెడ్డుకు కొడుతుంది. నల్లపొగ, డీజిల్ వాసన, ఆయిల్‌లో డీజిల్ దీని గుర్తులు. ఏ సిలిండరో తెలియాలంటే, పాత మెకానికల్ పంపు ఇంజిన్‌లో ఐడిల్‌లో ఒక్కో పైపు నట్టు వదులు చేసి, ఏది వదులు చేస్తే ఇంజిన్ శబ్దం మారదో చూడొచ్చు. కామన్ రైల్ (కంప్యూటర్‌తో ఇంజెక్టర్లు నడిచే) ఇంజిన్‌లో ఈ పని ఎప్పుడూ చేయకండి. అక్కడి ప్రెజర్ వెయ్యి బార్ దాటుతుంది, చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అక్కడ స్కానర్‌తోనే సిలిండర్ కటాఫ్ చేయాలి. కొన్ని ఇంజిన్లలో ఇంజెక్టర్ మీదున్న కోడు ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో) ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టర్ కూడా తప్పుదానిలాగే నడుస్తుంది.

టర్బో హౌసింగ్ మీద పోత అంకె ఉంటుంది, ఎగ్జాస్ట్ దారి వెడల్పు చదరపు సెంటీమీటర్లలో. 12 ఉండాల్సినచోట 18 వేస్తే తక్కువ స్పీడులో బూస్ట్ రాదు, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు నల్లపొగ కక్కుతుంది.

తప్పు పార్టు దొరికాక దాన్ని షాపుకు తిప్పిపంపాలంటే మాట కన్నా కాగితం బలం. విప్పే ముందు ఇంజిన్ ప్లేటు, తర్వాత పార్టు మీది నంబర్, డబ్బా లేబుల్, బిల్లు, పాత పార్టు పక్కన కొత్తది, కొలత చూపిస్తున్న మైక్రోమీటర్, ఇన్ని ఫొటోలు తీసుకోండి. ఈసారి ఆర్డర్ ఇచ్చేటప్పుడు బిల్లు మీదే సీరియల్ నంబర్, సీపీఎల్, క్రాంకు సైజు, బోరు సైజు నాలుగూ రాయించండి.